లీకు వెతికినోళ్ళకు కూలి ఎవరిస్తరు?

మా అవ్వ మంచం రెండేళ్ళలో నాలుగు చోట్లకు మారింది. మొదట్లో నడి అర్రలో, సరిగ్గా ఫ్యాను కింద ఉండేది. ఒక వానాకాలం రాత్రి ఫ్యాను గిన్నె నుంచి చుక్క పడింది. మంచం గోడవైపు జరిపాం. కొన్నాళ్ళకు ఆ గోడ మీద కూడా చెమ్మ దిగింది. మళ్ళీ జరిపాం. చివరికి వసారాలోకి వచ్చేసింది. ఫ్యాను కింద ఆమె జాగాలో ఒక సత్తు గిన్నె కూర్చుంది.

మాది ఉప్పునుంతల. నాగర్‌కర్నూల్ జిల్లా. స్లాబు ఇల్లు కట్టి పన్నెండేళ్ళయింది. మా దిక్కు ఇల్లు లీకవుతోంది అనరు, ఉరుస్తుంది అంటారు. ఆ మాటే బాగుంటుంది, ఎందుకంటే నీళ్ళు ఎక్కడి నుంచో ఊరి ఊరి వస్తున్నట్టు అందులోనే ఉంది.

నాయిన ముగ్గురు మేస్త్రీలను తీసుకొచ్చి చూపించాడు. ఒకాయన తారుషీటు అన్నాడు. రెండో ఆయన తెల్ల కెమికల్ పూత అన్నాడు. ఎక్కువ బాగా మాట్లాడినందుకు ఆయన మాటే విని ఇరవై రెండు వేలు పెట్టి మిద్దె మీద అంతా పూయించాం. ఎండాకాలం మొత్తం మిద్దె పాలమీగడలా మెరిసింది. తర్వాత పుబ్బ కార్తెలో ఒక రాత్రి గాలివాన వచ్చింది, తెల్లారేసరికి గిన్నె నిండింది. మూడో ఆయన వచ్చి, ఆ పూత మొత్తం గీకి, పైన రెండంగుళాల కాంక్రీటు పొర పోసి, మళ్ళీ పూత వేయాలన్నాడు. లక్షా పది వేలు. నాయిన కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత, "పత్తి అమ్మినంక చేపిద్దాం" అన్నాడు.

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంట్లో అందరూ నావైపు చూశారు. "ఇంజనీరు చదువుతున్నవు గదా, జెర చూడు కొడుకా" అంది అవ్వ. నిజం చెప్తున్నా, అంత సిగ్గు నాకు సప్లీ రాసినప్పుడు కూడా కాలేదు. స్లాబు డిజైన్ గురించి పది మార్కుల ప్రశ్నకు జవాబు రాస్తాను. ఉరిసే స్లాబులో రంధ్రం ఎక్కడుందో కనుక్కోవడం ఎట్లా అని మాత్రం ఆరు సెమిస్టర్లలో ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆ మేస్త్రీల మీద నాకు కోపం లేదు. వాళ్ళు ముగ్గురూ పది నిమిషాల కంటే ఎక్కువ మిద్దె మీద ఉండలేదు, నిజమే. కానీ ఉండి ఏం లాభం? పూసినందుకు చదరపు అడుగుకు ఇంతని ఇస్తాం. పగలగొట్టినందుకు ఇస్తాం. రెండు రోజులు మిద్దె మీద కూర్చుని, నీళ్ళు పోసి, చూసి, "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపించినందుకు ఏ ఇంటాయన కూలి ఇస్తాడు? "రెండు రోజులు కూసున్నవు, ఏం చేసినవ్" అంటాం. కనుక్కోవడాన్ని పనిగా మనం లెక్కపెట్టం. పెట్టనప్పుడు వాళ్ళు ఊహించి పూస్తారు. ఆ ఊహకు ఇరవై రెండు వేలు మనమే కడతాం.

మా కాలేజీలోనూ ఇదే లెక్క. ల్యాబులో సర్క్యూట్ పనిచేస్తే మార్కులు. పనిచేయకపోతే పక్క బ్యాచ్ రీడింగులు రాసుకుంటే మార్కులు. ఎందుకు పనిచేయలేదో గంటన్నర వెతికి, బ్రెడ్‌బోర్డులో ఒక వరుస లోపల తెగిపోయిందని కనిపెట్టినోడికి మాత్రం "టైమైపోయింది, రికార్డు పెట్టు" అనే మాట. చెడిపోయిన వస్తువును చేతిలో పెట్టి "దీనికి ఏమైంది?" అని అడిగే ప్రయోగం ఒక్కటైనా మన రికార్డుల్లో ఉందేమో చూడండి. అన్నీ "టు స్టడీ", "టు వెరిఫై" లే. ఓమ్ చెప్పింది నిజమేనని రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా వెరిఫై చేస్తూనే ఉన్నాం.

సరే, విషయానికొస్తా. రాత్రి వసారాలో కూర్చుని ఫోన్లో "రూఫ్ లీక్" అని వెతుకుతుంటే, యూట్యూబ్ నాకు ఇల్లు చూపించకుండా ఒక పడవ చూపించింది. ఎవరో విదేశీ ఆయన, తెరచాప పడవ, అందులోనే చిన్న గది, మంచం. ఎండలో నిలబెట్టి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది. వాన పడితే మంచం పక్కన చెక్క అరలో నీళ్ళు. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు. మా ఊరి పేర్లో ఉప్పు ఉంది గానీ సముద్రం ఎటు పోయినా ఒక రోజు ప్రయాణం. అయినా ఆయన బాధ నాకు వెంటనే అర్థమైంది. ఆ రాత్రి మూడింటి దాకా పడవ లీకుల గురించే చదివాను.

పడవోళ్ళు మొట్టమొదట చేసే పని నాకు చాలా నచ్చింది. లోపల చేరిన నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుంటారు. ఉప్పగా ఉంటే సముద్రం, అంటే నీటిగీతకు కింద ఏదో పోయింది, లేదా అల పైకెగిరి డెక్కు మీద పడి దిగుతోంది. చప్పగా ఉంటే వాన, లేదంటే వాళ్ళ మంచినీళ్ళ ట్యాంకు. ఒక్క చుక్కతో సగం అనుమానాలు ఎగిరిపోయాయి. ఖర్చు సున్నా.

రెండోది, ఎప్పుడు వస్తున్నాయో రాసుకుంటారు. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు వాలి పోతుంది. కుడికి వాలినప్పుడే నీళ్ళొస్తే ఒక అర్థం, ఎడమకు వాలినప్పుడే వస్తే ఇంకో అర్థం, రేవులో కట్టేసి ఉన్నప్పుడు వానకు వస్తే మరో అర్థం. ఇక డెక్కు మీద వందల బోల్టులుంటాయి. తెరచాప కొయ్యను పట్టి ఉంచే తీగల కుదుళ్ళు, కిటికీలు, మూతలు, పట్టుకునే కడ్డీలు, ప్రతిదానికీ డెక్కులో ఒక రంధ్రం. వాటిలో ఏదో ఒకదాని కింద మాస్టిక్ ఎండి పగిలిపోతుంది. నీరు దిగుతుంది. దిగి నేరుగా కింద పడితే ఎంత బాగుండు! డెక్కుకీ, లోపల గదికి అందంగా వేసిన పైకప్పు తొడుగుకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో నీరు వైరు పట్టుకుని, చెక్క అంచు పట్టుకుని, పడవ ఎటు వంగి ఉంటే అటు ప్రయాణించి, ఏ స్క్రూ దగ్గరో దారి దొరికితే అక్కడ చుక్కగా రాలుతుంది. దూరింది ముందు భాగంలో, కారింది వంటగట్టు దగ్గర. మధ్యలో పదడుగుల దూరం.

డెక్కు పొరల మధ్య తేలికగా ఉండాలని బాల్సా చెక్క పెట్టిన పడవలైతే ఇంకా దారుణం. నీరు కిందికి రాకుండా ఆ చెక్కలోనే ఇంకుతుంది. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు, ఒకరోజు కాలు పెడితే డెక్కు మెత్తగా దిగుతుంది. అందుకే తెలిసినవాళ్ళు బయటి నుంచి గొట్టంతో మాస్టిక్ పులిమి వదిలేయరు. బోల్టు ఊడదీసి, రంధ్రం పెద్దది చేసి, చుట్టూ తడిసిన చెక్క గీకేసి, ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక మళ్ళీ రంధ్రం చేసి కొత్త మాస్టిక్‌తో బిగిస్తారు. బయట పులిమితే ఒక్కోసారి నీరు వచ్చే దారి మూసుకోదు, పోయే దారి మూసుకుంటుంది.

ఇది చదివినప్పుడు మా మిద్దె మీది తెల్లపూత గుర్తొచ్చింది.

తెరచాప పడవ అంటే మనకేం సంబంధం అనుకోకండి. హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే పోటీల్లో తిరిగే లేజర్ పడవలు చిన్నవి, వాటికి గదులుండవు. కానీ నౌకాదళం వారి ఐఎన్‌ఎస్‌వీ తారిణి ఉంది. 55 అడుగుల తెరచాప పడవ, గోవాలో కట్టింది. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు అందులో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు, విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. తిరుగు ప్రయాణంలో చుక్కాని తిప్పే యంత్రాంగం దెబ్బతింటే మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో అనుకోకుండా ఆగాల్సి వచ్చింది. రేవు చేరిందాకా అక్కడ మేస్త్రీ లేడు, సర్వీసు సెంటరు లేదు. ఏది పాడైందో, ఎంతవరకు పాడైందో, దీంతో ఇంకెంత దూరం పోవచ్చో వాళ్ళే తేల్చుకోవాలి. ఆ సాహసం గురించి మన పేపర్లలో బాగానే వచ్చింది. వెతకడం గురించి వచ్చినట్టు నాకు గుర్తులేదు.

ఇంకా పైకి పోతే అంతరిక్ష కేంద్రం కథ ఉంది. 2020లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి కొద్దికొద్దిగా బయటికి పోతోంది. ఎక్కడో తెలియలేదు. తలుపులు మూసి ఒక్కో గదినీ విడిగా పరీక్షిస్తూ, రష్యా వాళ్ళ జ్వెజ్దా భాగం దాకా అనుమానాన్ని కుదించుకొచ్చారు. అక్టోబరులో వ్యోమగాములు చేసిందేమిటంటే, టీ సంచి విప్పి ఆకులు గాల్లో వదిలారు. బరువు లేని చోట ఆ పొడి తేలుతూ తేలుతూ పోయి ఒక సన్నని పగులు దగ్గర చేరింది. వేల కోట్ల కేంద్రం, చిటికెడు టీ పొడి. ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది.

ముందు రాసుకోవడం మొదలుపెట్టాను. అంటే, అవ్వను అడిగాను. రెండేళ్ళుగా ఆ గిన్నె పారబోసింది ఆమే. అన్నీ ఆమెకు తెలుసు, మేస్త్రీలు గానీ మేము గానీ ఒక్కసారి అడగలేదు, అంతే.

"ముసురు పడ్డప్పుడు ఉరవది కొడుకా. మూడొద్దులు ముసురు పట్టినా చుక్క రాదు. పడమటి గాలి కొట్టి జడివాన పడ్డనాడే ఉరుస్తది. అది గూడ వాన ఎలిసినంక మొదలైతది. తెల్లారిందాక టప్పు టప్పు అంటనే ఉంటది."

ఇందులో ఇరవై రెండు వేల రూపాయల సమాచారం ఉంది. మూడు రోజుల ముసురుకు రాలేదంటే మిద్దె మీద నీళ్ళు నిలవడం వల్ల కాదు. గాలి కొట్టినప్పుడే వస్తుందంటే నీరు పక్క నుంచి, ఏదో గోడ మీది నుంచి దూరుతోంది. వాన వెలిసాక మొదలై తెల్లారేదాకా వస్తుందంటే మధ్యలో ఎక్కడో నిలవ ఉంటోంది.

అవ్వ ఇంకో మాట కూడా అంది. పాత మట్టి మిద్దె ఇట్లా మోసం చేసేది కాదంది. "ఉరిసినకాన్నే ఉరుస్తుండె. ఆడింత చౌడు ఏస్తే ఆగుతుండె." మా దిక్కు పాత ఇళ్ళకు దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, పైన మట్టి. మృగశిరకు ముందు మిద్దె మీద చౌడు మన్ను పరిచేవాళ్ళు. పొలంలో పైరును చంపే చౌడే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. ఆ మట్టిలోని సోడియం వల్ల బంకమన్ను రేణువులు తడవగానే విడివిడిగా చెదిరి, సందుల్లోకి చేరి వాటిని మూసేస్తాయి, నీరు లోపలికి దిగదు. మా వాళ్ళు కెమిస్ట్రీ చదవలేదు, పనికొచ్చేది పనికొచ్చే చోట వేశారు. అయితే అవ్వ చెప్పింది పూర్తిగా నిజమని నేననుకోను. దంతె పట్టుకుని నీరు అక్కడ కూడా జరుగుతుంది. కాకపోతే దంతెలు కంటికి కనిపిస్తుంటాయి, తడిసిన గీత ఎటు నుంచి వచ్చిందో పడుకుని చూస్తే తెలుస్తుంది. స్లాబులో ఇనుము, కరెంటు పైపులు అన్నీ లోపల. పైన సున్నం, పుట్టీ, రంగు. నీరు నడిచే దారిని మనమే అందంగా దాచాం, ఆ పడవకు తొడుగు వేసినట్టే.

పరీక్ష మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేశాం. ఇది చిన్న విషయంలా చెప్తున్నా గానీ చిన్నది కాదు. నీరు కారుతోంది ఫ్యాను కొక్కెం దగ్గర, అంటే కరెంటు తీగల కీలు ఉన్న డబ్బాలో నుంచి. అంతకుముందు నెల నాయిన తడి చేత్తో ఫ్యాను రాడ్డు తుడవబోతే జివ్వుమంది. ఆయన నవ్వేశాడు. అవ్వది ఇనుప మంచం. రెండేళ్ళ కింద అది ఆ నీళ్ళ కిందే ఉంది. ఆ ఆలోచన వచ్చాకే నేను దీన్ని ప్రాజెక్టులా కాకుండా భయంతో చేశాను.

మొదటి రోజు మిద్దె మీద గుమ్మి కట్టాం. సిమెంటు సంచుల్లో మన్ను నింపి గట్టులా పేర్చి, బయటికి పోయే తూములో గుడ్డ కుక్కి, అంగుళం లోతు నీళ్ళు నిలబెట్టాం. రెండు రోజులు ఉంచాం. కింద చుక్క రాలేదు. అవ్వ చెప్పింది నిజమే. స్లాబు తప్పు చేయలేదు. లక్షా పది వేల కాంక్రీటు పొర అవసరం లేదని అప్పుడే తేలిపోయింది.

మిగిలినవి గోడలు. మా మిద్దె మీద అనుమానించాల్సిన చోట్లు మూడు: మెట్ల గది గోడ, నీళ్ళ ట్యాంకు దిమ్మె, తూర్పు పిట్టగోడ. పడమటి గాలికి వాన వాలుగా వచ్చి తూర్పు పిట్టగోడ లోపలి ముఖానికి కొడుతుంది, కాబట్టి దాని మీదే నా కన్ను. అయినా మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి. అన్నీ ఒకేసారి తడిపితే కారిన చుక్క ఎవరిదో ఎట్లా చెప్తాం? పడవోళ్ళు కూడా పైపు పట్టుకుని మొత్తం తడపరు. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో బోల్టు దగ్గరా కాసేపు పోసి, ఆగి, లోపల ఒకరిని కాపలా ఉంచి, అప్పుడు పై దానికి పోతారు. పైనుంచి మొదలుపెడితే జారిన నీరు కింది వాటన్నిటినీ తడుపుతుంది.

ఇక్కడ మా చెల్లె తెలివి పనికొచ్చింది. బతుకమ్మకు గునుగు పువ్వుకు రంగులద్దడానికి తెచ్చుకున్న పొడి పొట్లాలు ఇంట్లో ఉన్నాయి. నీళ్ళలో కరిగి పువ్వుకు పట్టే రంగు. "ఒక్కోదానికి ఒక్కో రంగు పొయ్యి" అంది. మెట్ల గది గోడకు పచ్చ. ట్యాంకు దిమ్మెకు నీలం. పిట్టగోడకు రాణి రంగు. వాళ్ళు టీ పొడి వాడారు, మేము గునుగు రంగు.

పచ్చకు రెండు గంటలు. ఏమీ లేదు. నీలానికి రెండు గంటలు. ఏమీ లేదు. ఆ సాయంత్రం పిట్టగోడ మొదట్లో, స్లాబు కలిసే మూలలో రాణి రంగు నీళ్ళు పోశాం. ఏమీ లేదు! నాకు నీరసం వచ్చింది. నాయిన కింద నుంచి "ఇగ దిగు, బువ్వ తిను" అన్నాడు. నిజంగా దిగిపోయేవాడినే. కానీ కింది నుంచి పైకి అన్నాను కదా, ఇంకా పైన గోడ ముఖం మిగిలి ఉంది. మర్నాడు పొద్దున పిట్టగోడ నెత్తి నుంచి చెంబుతో సన్నగా, వాన జారినట్టు జారవిడిచాం. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. నలభయ్యో నిమిషానికి కింద నుంచి అవ్వ కేక.

"ఓ పిలగా! గులాబి నీళ్ళొచ్చినయ్!"

సత్తు గిన్నెలో రాణి రంగు చుక్క. రెండేళ్ళలో ఆ గిన్నెను చూసి మా ఇంట్లో సంతోషించింది అదొక్కసారే.

తర్వాత వెతకడం తేలికైంది. పిట్టగోడ లోపలి ముఖం మీద చెయ్యి పెట్టి అంగుళం అంగుళం తడిమాను. నేలకు జానెడు ఎత్తులో, ప్లాస్టరింగులో చిన్న బుడిపె. స్క్రూడ్రైవరుతో గీకితే ముక్కలుగా రాలింది. లోపల గుడ్డపేలిక. దాని వెనుక పైపు నోరు. ఇల్లు కట్టినప్పుడు మిద్దె మీద ఒక బుగ్గ పెట్టుకుందామని కరెంటు పైపు వదిలారట. బుగ్గ పెట్టలేదు. గుడ్డ కుక్కి పిడికెడు సిమెంటు అద్ది మర్చిపోయారు. పన్నెండేళ్ళలో ఆ సిమెంటు చుట్టూ వెంట్రుకంత సందు ఏర్పడింది. నిలువుగా పడే వానకు పిట్టగోడ పైన ముందుకొచ్చిన బండ గొడుగు పడుతుంది. గాలివానకే గోడ మీద నీరు జారి ఆ సందులోకి పోతుంది. అక్కడి నుంచి పైపు పిట్టగోడలో దిగి, స్లాబులో దాదాపు పద్నాలుగు అడుగులు పోయి ఫ్యాను డబ్బాలో తేలుతుంది. స్లాబులో ఇనుము మీద పైపు వంకరగా కూర్చుంటుంది కాబట్టి మధ్యలో పల్లం ఉంటుంది. ముందు ఆ పల్లం నిండాలి, అందుకే నలభై నిమిషాలు. వాన ఆగాక కూడా అది నెమ్మదిగా ఖాళీ అవుతూ ఉంటుంది, అందుకే తెల్లారిందాకా టప్పు టప్పు. ఫ్యాను డబ్బా స్లాబు అడుగున ఉంటుంది, దారి మొత్తంలో అదే లోతైన చోటు. నీరు తప్పేమీ చేయలేదు పాపం, పల్లమెరిగి పోయింది.

మా తెల్లపూత పిట్టగోడ మీదికి నాలుగు వేళ్ళ ఎత్తు దాకా ఎక్కి ఆగిపోయింది. ఆ పైపు నోరు సరిగ్గా ఇంకో నాలుగు వేళ్ళ పైన ఉంది.

పైపును శుభ్రం చేసి, ఒక పీవీసీ వంపు ముక్క సొల్యూషన్‌తో అతికించి, నోరు కిందికి చూసేటట్టు పెట్టి, చుట్టూ కొత్త సిమెంటు చేశాం. తొంభై రూపాయలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫ్యాను డబ్బాలో తుప్పు పట్టిన కీళ్ళు మార్పించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంపియర్లు లీకైతే చాలు పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాం. దానికే పెద్ద ఖర్చు. నాయిన ఆ ఖర్చుకు ఒక్క మాట కూడా అనలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. తర్వాతి గాలివానకు ఫ్యాను ఎండుగానే ఉంది, కానీ గోడ మీద చెమ్మ మాత్రం అట్లాగే దిగింది. అంటే లీకులు రెండు. ఉరిసేది ఒక్క చోటి నుంచేనని మేమెందుకు అనుకున్నామో ఇప్పటికీ తెలియదు. పెద్దదాని చాటున చిన్నది దాక్కుంది. మళ్ళీ రంగులు కలిపాం. ఈసారి కిటికీ సజ్జ, గోడ కలిసే చోట పగులు. పచ్చ రంగు అరగంటలో లోపలి గోడ మీద కనిపించింది. మా చెల్లె ఆ మరకను తుడవనివ్వలేదు, పక్కన తేదీ రాసింది.

ఇదంతా సీనియర్ ఒకరికి చెప్తే, "ఇది మేస్త్రీ పని బ్రో, ఇంజనీర్ పని కాదు" అన్నాడు. నాకు బాధనిపించింది, రెండు వైపులా. మేస్త్రీకి వెతికినందుకు కూలి లేదు. ఇంజనీరుకు వెతకడం చిన్నతనం. మరి ఎవరు వెతకాలి? సీఎస్‌ఈ వాళ్ళు నవ్వకండి, మీకూ తెలుసు. ఎర్రర్ రెండు వందలో లైనులో కనిపిస్తుంది, తప్పు పదిహేడో లైనులో ఉంటుంది, మనం రెండు వందలో లైను చుట్టూ ట్రై క్యాచ్ పెట్టి సబ్మిట్ చేస్తాం. అది తెల్లపూత కాదా?

దాక్కున్న నీళ్ళంటే మా జిల్లా వాళ్ళకు వేళాకోళం కాదు. 2025 ఫిబ్రవరి 22న మా జిల్లాలోనే, దోమలపెంట వైపు నుంచి తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, నీళ్ళూ బురదా ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కరు కూడా ప్రాణంతో బయటికి రాలేదు. ఎవరి తప్పు అని తేల్చేంత చదువు నాకు లేదు. మా మిద్దెకూ దానికీ పోలిక కూడా పెట్టను. కానీ రాయి వెనుక నీరు ఎక్కడుంది, ఎటు నడుస్తోంది అని చూసే పని కూడా పనేనని, దానికి మనిషి కావాలని, జీతం కావాలని, సమయం కావాలని అనడానికి ఎంత చదువు కావాలి?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి బ్రాంచిలో, సెమిస్టర్‌కు ఒక్క ల్యాబు. మాన్యువల్ ఉండొద్దు. పాడైన పంపు, ఉరిసే ట్యాంకు, ఎక్కడో షార్ట్ అయిన బోర్డు, అప్పుడప్పుడే తప్పు జవాబిచ్చే ప్రోగ్రాము, ఏదో ఒకటి చేతిలో పెట్టండి. బాగు చేయకపోయినా పర్వాలేదు. ఎక్కడుందో చూపించాలి, అక్కడే ఉందని ఎట్లా తెలుసో చెప్పాలి, ఎక్కడ లేదో కూడా చెప్పాలి. ఆ "లేదు"లకు కూడా మార్కులివ్వండి. నా పచ్చ రంగు, నీలం రంగు రాకపోవడం వల్లే నాకు రాణి రంగు మీద నమ్మకం కుదిరింది.

అవ్వ మంచం మళ్ళీ ఫ్యాను కిందికి వచ్చింది. సత్తు గిన్నె మాత్రం ఆమె తియ్యలేదు, మంచం కింద పెట్టుకుంది. రెండు వానలు పోతే తీస్తుందట.

రాణి రంగు ఇంకా సగం పొట్లం నా దగ్గరే ఉంది. హాస్టల్ రెండో అంతస్తు బాత్రూముల కింద గదుల వాళ్ళు, పెచ్చులూడుతున్న గోడకు మళ్ళీ సున్నం కొట్టించమని అర్జీ పెట్టే ముందు ఒకసారి నాకు చెప్పండి. ఆదివారం పొద్దున వస్తాను. పైన ఒకరు చెంబు పట్టుకోవాలి, కింద ఒకరు కదలకుండా కూర్చోవాలి. నలభై నిమిషాల కంటే ఎక్కువే పట్టొచ్చు.